స్ప్రింగు వైపు

గాలి ఆగిన పొద్దున ఆర్డిత్ క్రోకర్ బయటికి వచ్చి చూస్తే, తాము కాపురముంటున్న ట్రెయిలర్ ఇంటి హాలు మీది గుడ్డ సగానికి పైగా ఊడిపోయి వేలాడుతోంది. రాత్రంతా ఎవరో తివాచీ దులుపుతున్నట్టు వినబడిన చప్పుడు దీనిదేనన్నమాట.

ఆ హాలు బొత్తాం నొక్కితే గోడలోంచి బయటికి జరుగుతుంది, మళ్ళీ నొక్కితే లోపలికి పోతుంది. బయటికి జరిగేటప్పుడు దాని అంచున ఉన్న గొట్టం నుంచి గుడ్డ విప్పుకుంటూ వచ్చి కప్పును కప్పేస్తుంది. వాననీళ్ళయినా, దుమ్మయినా, ఎండిన ఆకులయినా ఆ గుడ్డ మీదే ఆగాలి. అది లేకపోతే అన్నీ కప్పు మీద చేరి, గదిని లోపలికి లాగినప్పుడల్లా గదితోపాటు ఇంట్లోకి వస్తాయి. వారం చివర్లో వాన ఉందని రేడియోలో చెబుతున్నారు.

"నిచ్చెన తీసుకురా," అన్నాడు భర్త వెర్లిన్ వెనకనుంచి. పొద్దున్నే గడ్డం గీసుకున్నాడు. చెంప మీద చిన్న గాటు, దాని మీద అంటించిన కాగితం ముక్క.

"నేనెక్కుతాలే."

"నువ్వు కింద పట్టుకో. కొలవడం నాకు తెలుసు."

తెలిసిన మాట నిజమే. నెబ్రాస్కాలో ఉద్యోగం చేసిన రోజుల్లో ధాన్యం గోదాముల కప్పులెక్కి తిరిగినవాడు. కుడిచెయ్యి వణకడం మొదలయ్యి రెండేళ్ళయింది. అరిజోనాలోని ఈ పార్కులో చలికాలం గడిపే వాళ్ళంతా ఆ చేతిని ఎరుగుదురు, ఎవరూ దాని ఊసెత్తరు.

వెర్లిన్ ఎక్కాడు. టేపు కొసను గొట్టం చివర ఆనించాలి. ఆనిస్తే జారింది. మళ్ళీ ఆనిస్తే మళ్ళీ జారి, గరగరమంటూ డబ్బాలోకి ముడుచుకుపోయింది. మూడోసారి కొక్కేన్ని గది గోడ మూలకు తగిలించి, గోడ నుంచి గోడకు లాగి, "పదమూడడుగులు," అని దిగిపోయాడు. గోడల కన్నా గుడ్డ రెండు పక్కలా బయటికి రావాలి, లేకపోతే వాన గోడల వెంట కారుతుంది. అది ఆయనకూ తెలుసు.

ఆయన పార్కు వాళ్ళందరూ చేరే హాలుకు కాఫీకి వెళ్ళాక ఆమె నిచ్చెన ఎక్కింది. టేపు కొసను బట్టల క్లిప్పుతో చిరిగిన గుడ్డ అంచుకు బిగించి, అవతలి అంచు దాకా లాగింది. పెన్నుతో మణికట్టు మీద రాసుకుంది. తరువాత గుడ్డను మునివేళ్ళతో పట్టుకుని చూసింది. గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది. పోయింది దారం. అంచు వెంట కుట్టిన దారం ఎండకు చివికి, గోటితో గీరితే పొడిగా రాలింది.

ఊళ్ళో విడిభాగాల కొట్టుకు ట్రక్కు ఆర్డితే నడిపింది. కౌంటరు వెనక లైల్ అనే మనిషి ఉన్నాడు. బిగించే పని కూడా వాళ్ళే చేస్తారు. వెర్లిన్ వైపు చూసి, "చెప్పండి సార్," అన్నాడు.

"ట్రెయిలర్‌లో బయటికి జరిగే గది మీదికి గుడ్డ కావాలి," అంది ఆర్డిత్.

లైల్ నమూనా ముక్కల కట్ట తీసి వెర్లిన్ ముందు పెట్టాడు. "ఇది నేసిన గుడ్డ సార్. చూడ్డానికి బాగుంటుంది, తొందరగా ఆరుతుంది. కాకపోతే నీళ్ళు నిలబడితే చెమరుస్తుంది. ఇది ప్లాస్టిక్ పూత గుడ్డ. కాస్త మోటు, బరువెక్కువ. చుక్క దిగదు."

"అంచులు కుట్టారా, అతికారా?"

"అన్నీ కంపెనీ నుంచి అలాగే వస్తాయి సార్."

"నేనడిగింది అది కాదు. దారంతో కుట్టారా, వేడితో అతికారా అని."

లైల్ వెర్లిన్ వైపు చూసి నవ్వాడు. ఆడవాళ్ళతో షాపింగ్ అంతే కదా సార్ అన్నట్టుంది ఆ నవ్వు. వెర్లిన్ కూడా కొంచెం నవ్వాడు. ఆర్డిత్ కట్టను తనవైపు లాక్కుని ఒక్కొక్క ముక్కనూ తిరగేసి, అంచు మీద గోరు నడిపించింది. చాలావాటికి కుట్లు తగిలాయి. అడుగున ఉన్న ఒక ముక్కకు ఏమీ తగల్లేదు.

"ఇది కావాలి."

"అది తెప్పించాలి సార్. రెండు మూడు రోజులు పడుతుంది."

"తెప్పించండి. తెలుపు."

"నలుపు తీసుకుందాం," అన్నాడు వెర్లిన్. "పాతది నలుపేగా. తెలుపు మురికి కొడుతుంది."

"పోయిన మే నెలలో కప్పుకు లోపల్నుంచి చెయ్యి ఆనిస్తే చురుక్కుమంది, మర్చిపోయావా? నలుపు ఎండంతా తాగుతుంది. మురికంటావా, కడుక్కుంటాం."

"కొలత చెప్పండి సార్," అన్నాడు లైల్ పెన్ను పట్టుకుని.

"పదమూడడుగులు," అన్నాడు వెర్లిన్.

"పదమూడడుగుల ఎనిమిదంగుళాలు," అంది ఆర్డిత్ మణికట్టు చూసుకుని.

పెన్ను గాల్లో ఆగింది. "ఏది రాయమంటారు సార్?"

వెర్లిన్ అవతలి గోడకు వేలాడదీసిన నీళ్ళ గొట్టాల వైపు తిరిగాడు. వాటిని ఎప్పుడూ చూడనట్టు చూస్తున్నాడు.

"ఆయన గది కొలిచాడు, నేను గుడ్డ కొలిచాను. నాది రాయండి," అంది ఆర్డిత్. లైల్ ఇంకా వెర్లిన్ వీపు వైపే చూస్తున్నాడు. "ఆయన జవాబు చెప్పడు బాబూ. చెప్పేదాన్ని నేను ఎదురుగా నిలబడ్డాను. రాయండి."

రాశాడు. రాసినంతసేపూ చెవులు ఎర్రగా ఉన్నాయి. "బిగించడానికి మావాళ్ళకి నెలాఖరు దాకా తీరిక లేదు సార్," అన్నాడు చివర్లో, పట్టు వదలకుండా వెర్లిన్‌తోనే. "మీరు మాత్రం చెయ్యి పెట్టకండి. ఆ గొట్టంలో గుడ్డను బిగువుగా లాగిపట్టే స్ప్రింగు ఉంటుంది. పట్టు తప్పిందంటే మణికట్టు విరుగుతుంది. అమ్మగారినైతే ఆ దరిదాపులకే రానివ్వకండి."

ట్రక్కు పాలకూర తోటల పక్కగా పోతుంటే వెర్లిన్ అన్నాడు: "వాడి ముందర అనాలా ఆ మాట?"

"ఏ మాట?"

"గది కొలిచాడని."

"తప్పు గుడ్డ వచ్చి పడ్డాక అననా?"

వెర్లిన్ రేడియో చప్పుడు పెంచాడు.

*

గుడ్డ వచ్చిన మర్నాడు ఆకు కదలని పొద్దు. పడమట మాత్రం మబ్బులు కమ్ముతున్నాయి. ఈ పూట వెయ్యకపోతే ఇక వాన వెలిశాకే. వెర్లిన్ కాఫీ తాగుతూ గుడ్డతో వచ్చిన సూచనల కాగితాన్ని రెండుసార్లు పైకి చదివాడు. "ముందు స్ప్రింగు బిగువు వదలాలి. పట్టుకారుతో గొట్టం ఇరుసు పట్టుకుని, చివరన ఉన్న మర తీసి, కొంచెం కొంచెంగా వదలాలి. అన్నీ అయ్యాక మళ్ళీ తిప్పి బిగించాలి. ఇదేం బ్రహ్మవిద్య కాదు."

నిచ్చెన తనే ఎక్కాడు. స్క్రూ డ్రైవర్ మొనను మర తల మీద ఆనించాలి. కింద నిలబడ్డ ఆర్డిత్‌కు కనబడటం లేదు కానీ వినబడుతోంది. టిక్కు టిక్కుమని ఇనుము మీద ఇనుము, మర చుట్టూ. ఒక్కసారి కూడా గాట్లో కూర్చోలేదు. చాలాసేపు విన్నది. తల ఎత్తలేదు.

వెర్లిన్ దిగాడు. "ఎండ కళ్ళల్లో పడుతోంది."

ఎండ ట్రెయిలర్‌కు అవతలి పక్కన ఉంది.

"సరే, నేను చూస్తాను," అంది ఆర్డిత్. "నిచ్చెన మాత్రం గట్టిగా పట్టుకో. నా మోకాళ్ళని నేనే నమ్మను."

బడి వంటశాలలో ఏళ్ళ తరబడి పెద్ద పెద్ద గుండిగలు దించిన చేతులు ఆమెవి. పట్టుకారును ఇరుసుకు కరిపించి, మర తీసింది. లోపల ఏదో జంతువు ఒళ్ళు విరుచుకున్నట్టు పట్టుకారు ఒక్కసారి ఆమె చేతిని తోసింది. తొయ్యనిచ్చి, ఆపి, మళ్ళీ కొంచెం వదిలింది. బిగువంతా పోయాక ఊపిరి వదిలి, గోడ గాడిలోంచి పాత గుడ్డను లాగెయ్యడం మొదలుపెట్టింది. దారప్పొడి జుట్టు నిండా రాలింది.

కొత్త గుడ్డ అంచులో తాడు ఉంటుంది. ఆ తాడును గాడిలో దూర్చి, ఈ కొస నుంచి ఆ కొసకు జరపాలి. మూరెడు పోయి ఇరుక్కుపోయింది.

"లాగకు, చిరుగుతుంది," అన్నాడు వెర్లిన్. లోపలికి వెళ్ళి, అంట్లు తోమే సబ్బు నీళ్ళలో కలిపి తెచ్చాడు. "ఇది రాయి గాడి పొడుగూతా."

రాస్తే జారింది. ఆమె పైనుంచి తాడు జరుపుతుంటే, ఆయన కిందనుంచి గుడ్డ బరువంతా రెండు చేతుల మీద మోస్తూ వెంట నడిచాడు. నేల తగలనివ్వలేదు, మడత పడనివ్వలేదు. ఆ పనికి చెయ్యి వణికినా వణక్కపోయినా ఒకటే. ఆయన ముఖంలో చాలా రోజులుగా లేని కళ వచ్చింది. "ఆగు. ఎడమకి. ఇంకొంచెం. ఆఁ, ఇప్పుడు రా," అంటున్నాడు.

గుడ్డ గోడదీ గొట్టందీ రెండు గాడుల్లోకీ ఎక్కి, తిన్నగా పరుచుకుంది. ఎనిమిదంగుళాలు ఎక్కువ అడిగిన గుడ్డ రెండు పక్కలా సమంగా గోడ దాటి నిలిచింది. ఇద్దరూ చూశారు.

మిగిలింది స్ప్రింగు. ఆర్డిత్ పట్టుకారు బిగించి తిప్పసాగింది. చుట్టు తిరిగినప్పుడల్లా వెర్లిన్ కింద నుంచి లెక్క చెబుతున్నాడు. మొదట్లో తేలిగ్గానే ఉంది. పోను పోను భుజాలు మండాయి. చివరి చుట్టులో సగం దాకా తిప్పి వెర్లిన్ దగ్గరున్న మర కోసం ఎడమచెయ్యి చాపిందో లేదో, పట్టుకారు పళ్ళు ఇరుసు మీద జారాయి. ఆమె ఒళ్ళంతా పక్కకు తూలింది. నిచ్చెన కాలు ఒకటి లేచింది.

"వదలకు!" వెర్లిన్ నిచ్చెనకు ఛాతీ ఆనించి, తన బరువంతా దాని మీద వేశాడు. లేచిన కాలు కిందికి దిగింది. "నావైపు చూడకు ఆర్డిత్, మర కూర్చునే చిల్లు చూడు. చిల్లు చూడు."

ఆమె రెండు చేతులతో పట్టుకారును నొక్కిపట్టింది. పళ్ళు మళ్ళీ కరిచాయి. "మర," అంది, పళ్ళ బిగువున.

ఆయన అరచేతిలో పెట్టి పైకి అందించాడు. అరచేతిలో మర గెంతుతోంది. ఒకసారి ఆమె వేళ్ళకు అందలేదు. రెండోసారి అందింది. అది చిల్లులో కూర్చుని బిగిసేదాకా ఇద్దరూ ఊపిరి తియ్యలేదు.

వెర్లిన్ లోపలికి వెళ్ళి బొత్తాం నొక్కాడు. గది మూలుగుతూ లోపలికి జరిగింది. తెల్లటి గుడ్డ ముడత లేకుండా గొట్టానికి చుట్టుకుంది. మళ్ళీ బయటికి. మళ్ళీ విప్పుకుని, బల్ల మీద పరిచినట్టు నిలిచింది. ఆయన గుమ్మంలోకి వచ్చి గట్టిగా నవ్వాడు. ఆర్డిత్ నిచ్చెన మీదే కూర్చుని, బొబ్బలెక్కిన అరచేతులు చూసుకుంటూ తానూ నవ్వింది. తరువాత చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.

అప్పుడే పక్క ట్రెయిలర్ రాస్కో బయటికి వచ్చాడు. పెద్ద గొంతు, పెద్ద పొట్ట, పార్కులో ఏ కబురైనా ముందు ఆయన నోటే పడుతుంది. గుడ్డ చూసి ఈల వేశాడు. "ఓరి వీడి దుంపతెగ! లైల్ మనుషులు వచ్చారా?"

"వాళ్ళెవరూ రాలేదు."

"మరి నువ్వే వేశావా?"

కిటికీ తెరిచే ఉంది. పంపు కింద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఆర్డిత్ విన్నది.

"వేశాను," అన్నాడు వెర్లిన్.

*

ఆ సాయంత్రం పార్కు హాల్లో అందరూ తలా ఒకటి వండి తెచ్చి కలిసి తినే రోజు. ఆర్డిత్ చిక్కుడుగింజల కూర వండి పట్టుకెళ్ళింది. గిన్నె పట్టుకుంటే బొబ్బలు మండాయి. వాళ్ళు వెళ్ళేసరికే రాస్కో కబురు చేరిపోయింది. మగవాళ్ళు వెర్లిన్ వీపు చరిచారు. ఒకాయన కుర్చీ లాగి, "ఎలా చేశావో చెప్పు," అన్నాడు.

వెర్లిన్ చెప్పాడు. మొదట ముక్తసరిగానే. కానీ బల్ల చుట్టూ కుర్చీలు చేరేకొద్దీ కథ ఊపందుకుంది. సబ్బునీళ్ళు చెప్పాడు. భుజాలు మండటం చెప్పాడు. "చివరి చుట్టు. చెయ్యి చాచానో లేదో, పట్టుకారు జారింది. నిచ్చెన లేచింది. ఇంక అయిపోయిందనుకున్నాను. వదిలానా? వదల్లేదు." ఎవరో చప్పట్లు కొట్టారు.

రాస్కో భార్య నోరీన్ ఆర్డిత్ మోచెయ్యి తట్టింది. "కింద నిలబడి చూస్తుంటే నీకు గుండె ఆగిపోయి ఉంటుంది కదూ?"

"ఆగినంత పనైంది," అంది ఆర్డిత్. రొట్టె ముక్క విరవబోయి ప్లేటులో వదిలేసింది.

"మాదీ చిరిగింది వెర్లిన్," అంటున్నాడు రాస్కో. "గుడ్డ వచ్చి వారం. లైల్ ఇదిగో అదిగో అంటున్నాడు. రేప్పొద్దున నువ్వొచ్చి వేసి పెట్టరాదూ? ఆ స్ప్రింగంటే నాకు హడలు."

"దానిదేముంది. వస్తాను."

భోజనాలయ్యాక ఇద్దరూ కంకర దారిలో ఇంటివైపు నడిచారు. ఇంకా కాస్త వెలుతురుంది. నాలుగు చినుకులు పడి ఆగిపోయాయి.

"రేపు నువ్వూ వస్తావుగా," అన్నాడు వెర్లిన్.

"నేనెందుకు?"

"ఊరికే. సాయానికి."

"నువ్వేగా వేశావు. వెళ్ళి వేసిరా."

వెర్లిన్ నడక ఆపాడు. "నీకు తెలీదు. ఇప్పుడు పేకాటలో నా వంతు ముక్కలు కూడా వాళ్ళే పంచుతున్నారు. కాఫీ సగం గ్లాసే పోస్తారు, ఒలకపోస్తానని. ఫలానా పని చేసిపెట్టు వెర్లిన్ అని నన్నెవరైనా అడిగి ఎంత కాలమైందో తెలుసా?"

"తెలుసు. సగం గ్లాసు నేనూ చూస్తూనే ఉన్నాను." ఆమె గొంతు కొంచెం మెత్తబడింది, కానీ అంతే. "నాకూ చెయ్యి జారింది వెర్లిన్. నిచ్చెన లేచినప్పుడు దాని మీద ఉన్నది నేను. ఆ ముక్క కూడా తీసేసుకుంటావా? రేపు నేను రాను."

"మరి నేనేం చెయ్యను?"

"అది నీ ఇష్టం."

*

రాత్రి కురిసిన వాన పొద్దుటికి వెలిసింది. కప్పు కింద ఎక్కడా చెమ్మ లేదు. వెర్లిన్ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, ఫలహారం ముట్టకుండా వెళ్ళాడు. ఆర్డిత్ తడిబట్టల బుట్ట పట్టుకుని తీగ దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణుంచి రాస్కో వాళ్ళ వాకిలి కనబడుతుంది. కావాలని ఆ వేళకు బట్టలు ఉతికానా అని తనను తానే అడుక్కుంది. కావాలనే.

రాస్కో నిచ్చెన వేసి ఉంచాడు. తమాషా చూడటానికి మరో ఇద్దరు కాఫీ గ్లాసులతో వచ్చి నిలబడ్డారు. వెర్లిన్ వాళ్ళతో ఏదో అన్నాడు, వాళ్ళు నవ్వారు. ఆయన నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. రెండోది పెట్టాడు. ఆర్డిత్ చేతిలో దుప్పటి నీళ్ళు కారుతోంది. మూడో మెట్టు. దుప్పటిని బుట్టలో పడేసి దారి దాకా నడిచింది. పిలుద్దామని నోరు తెరిచింది. పిలిస్తే ఆయన దిగుతాడు. దిగి, ఆర్డిత్ పిలిచిందని అంటాడు. నోరు మూసుకుంది.

మూడో మెట్టు మీద వెర్లిన్ కాసేపు ఆగాడు. గొట్టం వైపు చూశాడు. తరువాత ఎవరూ చెప్పకుండానే దిగాడు. రాస్కోకు ఎదురుగా నిలబడి కుడిచేతిని ముందుకు చాపాడు. కరచాలనానికి కాదు. అలా చాపి ఉంచాడు, వాళ్ళంతా చూసేలాగా. ఏదో చెప్పాడు. ఆ ఇద్దరూ కాఫీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. రాస్కో టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

వెర్లిన్ దారి దాటి ఆమె దగ్గరికి వచ్చాడు. మొహం పాలిపోయి ఉంది.

"చెప్పేశాను."

"ఏమని?"

"స్ప్రింగు వైపు ఉన్నది నువ్వని. నేను నిచ్చెన పట్టుకున్నానని." వెనక్కి తిరిగి చూశాడు. "నిన్ను రమ్మంటున్నారు."

"ఎవరు?"

"రాస్కో."

"అయితే రాస్కోనే వచ్చి అడగమను. నీ చేత కబురు పంపితే వచ్చేదాన్ని కాదు."

వెర్లిన్ ఆమెను చూశాడు. తలూపి వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి రాస్కో వచ్చాడు. అంత మనిషీ దారి మధ్యలో బడిపిల్లాడిలా నిలబడ్డాడు. వెనక నోరీన్.

"అదీ... ఆర్డిత్. వెర్లిన్‌కు అభ్యంతరం లేకపోతే నువ్వు..."

"వెర్లిన్ సంగతి ఎందుకు? నన్నడుగు."

"నువ్వొచ్చి మా గుడ్డ వేసి పెడతావా?"

"పెడతాను. ఈ దుప్పటి ఆరేసి వస్తాను."

"నేనారేస్తాలే," అంది నోరీన్. బుట్ట దగ్గరికి వెళ్ళబోతూ ఆగి, గొంతు తగ్గించి అడిగింది: "నిన్న రాత్రి నేనా మాట అన్నప్పుడు చెప్పొచ్చుగా?"

"ఆయన నోటితో రావాలనుకున్నాను," అంది ఆర్డిత్.

ఆమె రాస్కో వాళ్ళ నిచ్చెన ఎక్కింది. చేతులకు పాత చొక్కా చింపిన గుడ్డ చుట్టుకుంది. పట్టుకారు ఇరుసుకు కరిపించి, మర తీసి, లోపలి స్ప్రింగు తోపును మోచేతి దాకా తీసుకుంది. కింద రాస్కో నిచ్చెన పట్టుకోవడానికి చెయ్యి చాస్తే వెర్లిన్ భుజంతో పక్కకు నెట్టాడు. కాఫీ గ్లాసుల వాళ్ళు ఇద్దరు కాస్తా అయిదుగురయ్యారు.

"నిన్న ఏం జరిగిందో చెప్పనా?" అన్నాడు వెర్లిన్ వాళ్ళతో. మొదటి మాటలు తడబడ్డాయి. తరువాత దారిలో పడ్డాడు. "చివరి చుట్టు. ఈవిడ మర కోసం ఇలా చెయ్యి చాపింది. చాపిందో లేదో, పట్టుకారు జారింది. మనిషి పక్కకు ఒరిగిపోయింది. నిచ్చెన ఈ కాలు ఇంత ఎత్తు లేచింది. ఇంక నా పని అయిపోయిందనుకున్నాను, ఈవిడ పని కాదు, నా పని. వదిలిందా? వదల్లేదు. రెండు చేతులతో..."

నిన్నటి కన్నా బాగా చెబుతున్నాడు. ఎవరూ కాఫీ తాగడం లేదు. రాస్కో నోరు కొంచెం తెరుచుకుని ఉంది. రెండు చేతులతో ఎలా పట్టిందో చూపించడానికి వెర్లిన్ తన రెండు చేతులూ పైకెత్తాడు.

"వెర్లిన్!" అంది ఆర్డిత్ పైనుంచి. "కబుర్లు తరువాత. నిచ్చెన ఊగుతోంది."